ఒక్కడు జాతి మొత్తం కాదు: 'స్టాటిక్ షాక్' పాత్రలు, వాటిని కన్నవాళ్ళ ఆలోచన

పిల్లల బొమ్మల మీద దళిత అధ్యయనాల పత్రికలో వ్యాసమేంటని అడిగేవాళ్ళు ఉంటారు. నా తోటి పరిశోధకుడొకాయన అడగనే అడిగాడు. "భూమి ఉంది, కూలి ఉంది, చావులున్నాయి. ఇన్ని ఉండగా కార్టూన్లెందుకు బ్రదర్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా సూటిగానే చెప్తాను. మనిషి తన గురించి తాను ఏమనుకోవాలో మొదట నేర్చుకునేది బొమ్మల దగ్గరే. చిన్నప్పుడు చూసిన కథల పుస్తకాల్లో రాకుమారుడు ఏ రంగులో ఉండేవాడో, రాక్షసుడు ఏ రంగులో ఉండేవాడో మనకు తెలుసు. ఆ రెండో రంగు మా అమ్మ రంగని నాకు తెలిసొచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. అందుకని బొమ్మల్ని పిల్లలకే వదిలేయలేం.

ఈ వ్యాసం 'స్టాటిక్ షాక్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ గురించి. 2000 సెప్టెంబరు నుంచి 2004 మే దాకా అక్కడి టీవీలో 52 భాగాలుగా వచ్చింది. డకోటా అనే కల్పిత నగరంలో వర్జిల్ హాకిన్స్ అనే నల్లజాతి బడిపిల్లవాడు, ఒక రసాయన ప్రమాదంలో విద్యుత్ శక్తి వచ్చి, స్టాటిక్ అనే వీరుడవుతాడు. నల్లజాతి సూపర్‌హీరోని మధ్యలో నిలబెట్టి అమెరికా టీవీలో వచ్చిన తొలి కార్టూన్ సీరియళ్ళలో ఇది ఒకటి.

నల్లజాతి పోరాటానికీ మన పోరాటానికీ ఉన్న చుట్టరికం కొత్తగా కలుపుకున్నది కాదు. ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వం రద్దుకు నిలబడ్డ అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్ పేరు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. అయితే వాళ్ళ ఉద్యమాలనుంచి తీసుకున్నంతగా, పాత్రల్ని కట్టడంలో వాళ్ళు పడ్డ ఆలోచననుంచి మనం తీసుకోలేదు. ఈ వ్యాసం ఆ ఆలోచన గురించే.

స్కేట్‌బోర్డు మీద వీరుడు

ఈ పాత్ర వెనక ముఖ్యుల్లో ఒకడు డ్వేన్ మెక్‌డఫీ. 1962లో డెట్రాయిట్‌లో పుట్టాడు. భౌతికశాస్త్రమూ చదివాడు, ఇంగ్లీషు సాహిత్యమూ చదివాడు. బొమ్మల కథలు అచ్చువేసే మార్వెల్ కంపెనీలో పనిచేసే రోజుల్లో, 1989లో, అక్కడివాళ్ళకి ఒక ప్రతిపాదన రాసి పంపాడు. స్కేట్‌బోర్డుల మీద తిరిగే నల్ల కుర్రాళ్ళ నింజా దండు అనే కథ అది. నిజం ప్రతిపాదన కాదు, శుద్ధ వెటకారం. ఆ కంపెనీ కథల్లో ఉన్న కొద్దిమంది నల్ల వీరుల్లో స్కేట్‌బోర్డు మీద తిరిగేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి, వాళ్ళ ముందే పెట్టాడు. నల్లవాడంటే ఏం గుర్తొస్తుందో ముందే ఖాయమైపోయి ఉంటే, ఎన్ని కొత్త పాత్రలు పుట్టినా ఒకటే పాత్ర మళ్ళీ మళ్ళీ పుడుతుంది. ఆ వెటకారం చెప్పిన సంగతి ఇది.

1993లో మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ కలిసి మైల్‌స్టోన్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. నలుగురూ నల్లజాతివాళ్ళే. పంపిణీ డీసీ అనే పెద్ద కంపెనీది, పాత్రల మీద హక్కు మాత్రం వీళ్ళది. పంపిణీ పరాయివాడి చేతిలో ఉన్నా సృష్టి మీద హక్కు వదులుకోలేదు. పత్రిక నడిపి చేతులు కాల్చుకున్న మనవాళ్ళకి ఈ తేడా విలువ బాగా తెలుసు.

అప్పుడు వాళ్ళు వేసుకున్న ప్రశ్న మనకి పనికొచ్చేది. ఒక కథా ప్రపంచంలో ఒక్కడే నల్లవాడుంటే ఏమవుతుంది? వాడు మనిషిగా ఉండలేడు, జాతి మొత్తానికి ప్రతినిధైపోతాడు. వాడు తప్పు చేస్తే జాతి తప్పు చేసినట్టు. అందుకని రాసేవాడు వాడిచేత తప్పు చేయించడు. తప్పే చేయని పాత్రలో కథ ఉండదు, ప్రాణమూ ఉండదు. మెక్‌డఫీ ఈ మాట చెప్తూ ఇచ్చిన ఉదాహరణ సూపర్‌మన్. సూపర్‌మన్‌ని చూసి తెల్లవాళ్ళంతా ఇట్లా ఉంటారని ఎవరూ అనుకోరు. అతని శత్రువు లెక్స్ లూథర్‌ని చూసి కూడా అనుకోరు. తెల్లవాడికి మంచివాడుగానో చెడ్డవాడుగానో ఉండే స్వేచ్ఛ పుట్టుకతోనే వచ్చింది. నల్ల పాత్రకి అది లేదు. పిల్లలకి చూపించే నల్ల పాత్రలు రెండే రకాలని కూడా ఆయన చెప్పాడు. ఒకటి బుద్ధిలేని కోపిష్టి మొరటోడు. రెండోది, నల్లవాడైనా తెలివైనవాడే అనిపించుకునేవాడు.

ఈ రెండో రకాన్ని మనం వెంటనే గుర్తుపడతాం. "మీవాళ్ళలో అయినా బాగా చదివాడు" అనే మెచ్చుకోలు వినని దళిత విద్యార్థి ఎవరన్నా ఉంటే చెప్పండి.

దీనికి వాళ్ళు కనిపెట్టిన మందు చాలా మామూలుది. ఒక్కణ్ణి కాదు, పదిమందిని పుట్టించటం. 'హార్డ్‌వేర్'లో కర్టిస్ మెట్‌కాఫ్ అనే ఇంజనీరు ఉంటాడు. అతని బుర్రలోంచి వచ్చిన యంత్రాల మీద యజమాని ఆల్వా లాభాలు గడిస్తాడు, అతనికి వాటా ఇవ్వడు. 'ఐకాన్'లో డబ్బున్న లాయరు ఒకాయన, ఎవరికి వాళ్ళు కష్టపడి పైకి రావాలనే రకం. అతని పక్కన రకెల్ అనే పేదింటి పిల్ల. ఆయన మాట ఆ పిల్ల ఒప్పుకోదు, నిలేసి అడుగుతుంది. 'బ్లడ్ సిండికేట్'లో వీధి ముఠా కుర్రాళ్ళు. నాలుగోది 'స్టాటిక్', పుస్తకాల పురుగైన బడిపిల్లవాడు. ఇప్పుడు చెప్పండి, వీళ్ళలో నల్లజాతి ప్రతినిధి ఎవరు? ఎవరూ కాదు. జాతి లోపలి వాదులాట జాతి లోపలే జరుగుతుంది. ఐకానూ రకెలూ తగువు పడుతుంటే ఎవరి పక్షం వహించాలో చదివేవాడే తేల్చుకోవాలి.

పేరు వెనక మనిషి

వర్జిల్ హాకిన్స్ అనే పేరు ఊరికే పెట్టింది కాదు. 1949లో వర్జిల్ డి. హాకిన్స్ అనే నల్లజాతీయుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం లా కాలేజీలో సీటుకి దరఖాస్తు పెట్టాడు. చదువులో లోపం లేదు. రంగు చూసి వద్దన్నారు. ఆయన కోర్టుకెక్కాడు. సుప్రీంకోర్టు ఆయన పక్షాన చెప్పినా, రాష్ట్ర కోర్టు సాగదీస్తూనే పోయింది. చివరికి 1958లో, తన దరఖాస్తు తాను వెనక్కి తీసుకుంటే మిగతా నల్లజాతి విద్యార్థులకి తలుపు తెరుచుకునేట్టు ఒప్పందం కుదిరింది. తలుపు తెరుచుకుంది. తెరిపించినవాడు మాత్రం లోపలికి పోలేదు. తర్వాత వేరే రాష్ట్రంలో న్యాయశాస్త్రం చదివి, ఫ్లోరిడాలో లాయరుగా నమోదయ్యేసరికి ఆయనకి డెబ్బై ఏళ్ళ వయసు.

సీటు కోసం కొట్లాడిన మనిషి పేరు తెచ్చి ఆకాశంలో ఎగిరే కుర్రాడికి పెట్టారు. ఆ పేరు వెనక చరిత్ర చూసే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తక్కువమందికే తెలిసుండొచ్చు. అయినా పేరు అక్కడుంది, ఎవడో ఒకడు తవ్వి తీస్తాడు. నేను తీశాను. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. నాకు ముందు ఆ గడప దగ్గర ఆగిపోయినవాళ్ళ పేర్లు ఏ బొమ్మకీ పెట్టలేదు. మా నాన్న పదో తరగతి తర్వాత ఎందుకు మానేశాడో నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు. హాకిన్స్ కథ చదివిన రాత్రి ఫోన్ చేసి అడిగాను. "ఇప్పుడెందుకురా అయ్యి" అన్నాడు.

నవ్వే వీరుడు

ఇక పాత్ర సంగతి. వర్జిల్ బక్కపలచని పిల్లాడు. బొమ్మల కథలంటే పిచ్చి, సైన్సంటే ఇష్టం. నోరు ఆగదు. కొట్లాట మధ్యలో కూడా జోకులేస్తాడు. చెత్తడబ్బా మూత సైతం అతనికి విమానమే, కరెంటు పారిస్తే చాలు. బలంతో గెలిచేది తక్కువ, బుర్రతో గెలిచేది ఎక్కువ. పాఠంలో విన్నది వీధిలో వాడతాడు.

ఈ నవ్వుని నేను చిన్న విషయంగా చూడను. మన సాహిత్యంలో దళిత పాత్ర ఎప్పుడన్నా పగలబడి నవ్వుతుందా? 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని తీసుకోండి. ఆ నవల చేసిన మేలు కాదనను. కానీ అందులో రామదాసు ఓర్పుకి మారుపేరు, దాదాపు రుషి. మంచి మనసున్న అగ్రవర్ణ రచయిత మనకిచ్చిన గౌరవం అది: మమ్మల్ని దేవుళ్ళని చేయటం. తర్వాత వచ్చిన కథల్లో చాలావాటిలో మనం శవాలమో బాధితులమో అయ్యాం. దళితులే రాయటం మొదలుపెట్టాక కోపం వచ్చింది, రావాల్సిన కోపమే. అయితే వెటకారం, చిలిపితనం, పిరికితనం, పిసినారితనం, ప్రేమలో పడి తెల్లమొహం వేయటం, ఇవన్నీ పేటలో రోజూ చూసేవే కదా. అవి కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు జంకుతాం? చూసేవాడు బయటివాడని. వాడు మన పిరికివాణ్ణి చూసి మనందర్నీ పిరికివాళ్ళంటాడని. మెక్‌డఫీ చెప్పిన జబ్బు సరిగ్గా ఇదే.

వర్జిల్ పిరికితనాన్ని సీరియల్ దాచలేదు. మొదటి కథలోనే ఫ్రాన్సిస్ అనే బలాదూరు అతన్ని బడి దగ్గర కొడతాడు. ముఠా నాయకుడొకడు దగ్గరకి తీసి, కాపాడతానని ఆశపెట్టి, రేవు దగ్గర జరిగే ముఠాల పోరుకి రమ్మంటాడు. చేతిలో తుపాకి పెడతాడు. వర్జిల్ పోతాడు. భయంవల్ల పోతాడు, కోపంవల్ల పోతాడు. అక్కడికి చేరాక తుపాకి విసిరేస్తాడు. అంతలో పోలీసులు దిగటం, రసాయనం పేలటం, ఆ వాయువు పీల్చిన పిల్లల ఒళ్ళు మారిపోవటం. వీరుడు పుట్టింది ధర్మయుద్ధంలో కాదు, తాను పోకూడని చోటికి పోయినందువల్ల. అదే వాయువు పీల్చి ఫ్రాన్సిస్ నిప్పు కురిపించే దుర్మార్గుడయ్యాడు. ఒకే సందులో పిల్లలు, ఒకే వాయువు, వేరు వేరు దారులు. ఇంకో జంట ఎబన్, ఆడం అనే అన్నదమ్ములు. ఒకడు ముఠాకి నాయకుడు, ఒకడు మారి స్టాటిక్‌కి తోడొచ్చినవాడు. ఒక్క ఇంట్లోనే జాతి ఒకటిగా లేదని ఇంతకన్నా సులువుగా పిల్లలకి ఎట్లా చెప్తాం?

స్నేహితుడి ఇల్లు

మొత్తం సీరియల్లో నన్ను కదిలించిన భాగం 'సన్స్ ఆఫ్ ది ఫాదర్స్'. వర్జిల్‌కి ప్రాణస్నేహితుడు రిచీ, తెల్లవాడు. ఇతనే స్టాటిక్ అని తెలిసినవాడు. రిచీ వర్జిల్ ఇంటికి ఎప్పుడూ వస్తుంటాడు, తన ఇంటికి మాత్రం వర్జిల్‌ని పిలవడు. ఒకసారి వర్జిల్ వాళ్ళింట్లో ఒక రాత్రి ఉంటాడు. అప్పుడు తెలుస్తుంది కారణం. రిచీ తండ్రికి నల్లవాళ్ళంటే పడదు. ఆ మాటలు వర్జిల్ చెవిన పడతాయి.

ఈ కథ రాసినవాళ్ళ చూపు ఎక్కడుందో గమనించాలి. దెబ్బలు లేవు, బూతులు లేవు. పిలవకపోవటం ఉంది. ఇంటర్‌లో నాకొక స్నేహితుడు ఉండేవాడు. రెండేళ్ళు ఒకే బెంచీ. మా ఇంట్లో అన్నం తిన్నాడు, మా అమ్మ చేపల పులుసు వాడికి ఇష్టం. వాళ్ళ ఇల్లు ఏ వీధిలో ఉందో నాకు తెలుసు. గేటు రంగు కూడా తెలుసు. లోపలి గోడల రంగు మాత్రం తెలియదు. వాడు చెడ్డవాడు కాదు. వాడూ రిచీలాగే సిగ్గుపడి ఉంటాడని ఈ భాగం చూశాకే నాకు తోచింది. ఇరవై ఏళ్ళు నేను వాణ్ణి వేరే తీరుగా గుర్తుపెట్టుకున్నాను.

అయితే సీరియల్ ముగింపుతో నాకు పేచీ ఉంది. రిచీ ఆపదలో పడితే ఇద్దరు తండ్రులూ కలిసి వెతుకుతారు, ఆ వెతుకులాటలో తెల్ల తండ్రి మారటం మొదలవుతుంది. అరగంట కార్యక్రమానికి అది సరిపోతుందేమో. బయట అట్లా జరగదు. పైగా ఆ మార్పు కోసం శ్రమపడేది ఎవరు? వర్జిల్ తండ్రి. అవమానపడ్డ ఇంటివాడే అవమానపరచిన ఇంటివాడికి పాఠం కూడా చెప్పాలి. ఈ కూలిలేని పని మనకి బాగా అలవాటు.

టీవీ ఏం తీసుకుంది?

పుస్తకంలోంచి టీవీకి వచ్చేటప్పుడు పోయినవి రెండు ఉన్నాయి. ఈ రెంటి గురించీ మెక్‌డఫీయే చెప్పాడు. 1997లో మైల్‌స్టోన్ పుస్తకాలు ఆగిపోయాయి. టీవీ సీరియల్‌ని రూపొందించేటప్పుడు మెక్‌డఫీ నేరుగా అందులో లేడు, తర్వాత రచయితగా, కథా సంపాదకుడిగా కలిశాడు.

మొదటిది తల్లి. పుస్తకంలో వర్జిల్‌కి తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. అది ఏరి కోరి చేసింది. నల్లవాళ్ళ ఇల్లంటే విరిగిపోయిన ఇల్లేనని చూపించే అలవాటుకి జవాబు అది. టీవీలో తల్లి జీన్ చనిపోయి ఉంటుంది. అత్యవసర వైద్య సేవలో పనిచేస్తూ, నగరంలో జరిగిన అల్లర్లలో ప్రాణం పోగొట్టుకుంది. మెక్‌డఫీకి ఈ మార్పు నచ్చలేదు. అయినా ఆ చావువల్లే కొన్ని మంచి కథలు కుదిరాయని తానే ఒప్పుకున్నాడు. 'ఫ్లాష్‌బ్యాక్' అనే భాగంలో వర్జిల్ కాలంలో వెనక్కి పోయి తల్లిని చూస్తాడు, కాపాడాలనుకుంటాడు, కాపాడలేడు. మంచి కథే. కానీ అది చూస్తున్నంతసేపూ నాకు అనిపించింది: మన అమ్మలు కథలోకి రావాలంటే చావక తప్పదా? బతికుండి, పొద్దున్నే బాక్సు కట్టి, చదువుకోమని తిట్టే అమ్మలో కథ లేదా?

రెండోది రిచీ. పుస్తకంలో ఈ స్నేహితుడి పేరు రిక్. అతను మగవాళ్ళని ఇష్టపడేవాడు. ఆ సంగతి తెలిసి వర్జిల్ తడబడటం కూడా కథలో భాగం. టీవీలో ఆ మాటే రాదు. టీవీ రిచీ కూడా అలాంటివాడేనని మెక్‌డఫీ తర్వాత చెప్పాడు. పిల్లల కార్యక్రమంలో బయటికి చెప్పలేక, రిచీచేత అమ్మాయిల గురించి అతిగా, నమ్మబుద్ధికానంతగా మాట్లాడించామన్నాడు. ఇది తెలిశాక ఆ మాటలు మళ్ళీ వింటే కడుపులో దేవినట్టవుతుంది. ఒక మైనారిటీకి తెరమీద చోటు దొరికింది, ఇంకో మైనారిటీ అదే తెరమీద నోరు మూసుకుంది. ఇక్కడ వేలు వాళ్ళవైపే చూపించి ఊరుకుంటే మోసం. మన ఉద్యమ వేదికల మీద దళిత స్త్రీలు "మేమెక్కడ?" అని అడిగినప్పుడు, ముందు కులం సంగతి తేలనీ అన్నది మనమే. ఆ ప్రశ్న అడిగినవాళ్ళని ఐక్యత చెడగొట్టేవాళ్ళన్నదీ మనమే. ఒక్క గొంతే జాతి గొంతు అనుకుంటే జరిగేది ఇదే.

బరువు దిగిన చోటు

సీరియల్లో ఒక భాగంలో వర్జిల్ కుటుంబం ఘనా దేశం పోతుంది. అక్కడ వర్జిల్‌కి ఒక వింత అనుభవం. చుట్టూ అందరూ నల్లవాళ్ళే కావటంతో తాను నల్లవాడన్న ఎరుకే కాసేపు పోతుంది. మామూలు కుర్రాడుగా ఉన్నానని తండ్రితో చెప్పుకుంటాడు. అనాన్సీ అనే అక్కడి వీరుణ్ణి కలుస్తాడు. తన రంగు వీరుణ్ణి చూసి సంబరపడతాడు. వర్జిల్‌ని చూసి ఎందరో పిల్లలు సంబరపడ్డారు, వర్జిల్ సంబరపడటానికి ఇంకొకడు కావాల్సొచ్చింది.

మనకి ఘనా ఎక్కడుంది? ఊళ్ళో పేట ఉంది, కానీ అది వెలివేసిన చోటు. అయినా సాయంత్రం అరుగుల మీద ఎవరూ ఎవరికీ ప్రతినిధి కాని గంట ఒకటి అక్కడే దొరికేది. యూనివర్సిటీకి వచ్చాక ఆ గంట పోయింది. ఒక సెమినార్లో నేను ఛందస్సు మీద పత్రం చదివాను. చదవటం అయ్యాక పెద్దాయన ఒకరు లేచి, "బాగుంది, మరి మీ వర్గం దృష్టి ఇందులో ఏది?" అని అడిగారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అడిగారు. నేను నవ్వి ఏదో చెప్పి కూర్చున్నాను. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెప్తున్నా: నా వర్గంలో ఛందస్సు ఇష్టమైనవాళ్ళూ ఉంటారు. అందులో నేను ఒకణ్ణి.

మెక్‌డఫీ 2011లో చనిపోయాడు. ఆయన, ఆయన మిత్రులు చేసింది విప్లవమని నేను అనను. కంపెనీల లోకంలో, కంపెనీల సందుల్లోంచి చేసిన పని అది. దాని హద్దులు పైన చెప్పాను. కానీ వాళ్ళు తేల్చిన ఒక్క సంగతి మన రచయితలూ విమర్శకులూ గోడకి రాసి పెట్టుకోవాలి. ఆత్మగౌరవం అంటే మచ్చలేని పాత్రని నిలబెట్టడం కాదు, మచ్చ ఉన్నవాడు కూడా మనవాడుగా నిలబడగలిగేటన్ని పాత్రల్ని పుట్టించటం. ఇందులో విమర్శకుల బాధ్యత కూడా ఉంది. దళిత రచయిత ఒక పిసినారి మాలవాణ్ణో, అబద్ధాలాడే మాదిగామెనో రాస్తే "జాతి పరువు తీశాడు" అని విరుచుకుపడేది మొదట మనమే. కథలు రాసే ఒక జూనియర్ ఈమధ్య నాకు ఒక కథ చూపించాడు. అందులో దళిత హాస్టల్ కుర్రాడొకడు స్నేహితుడి స్కాలర్‌షిప్ డబ్బులు దొంగిలిస్తాడు. "అచ్చెయ్యాలంటే భయంగా ఉందన్నా" అన్నాడు. ఏళ్ళ కిందటైతే నేను కూడా వద్దనేవాణ్ణి. ఈసారి పంపమన్నాను. దొంగ ఒక్కడే ఉంటే భయపడాలి. పక్కన ఇంకో పది కథలు రాయి, వాడు ఒట్టి దొంగే అవుతాడు, జాతి కాడు.